గానుగ నూనె లోగోకు ఎంత చెప్పాలి? ఫ్లెక్స్ షాపులో ఫ్రీగా ఇస్తారంట

అనంతపురం_రాత్రిపని:
పగలు డీటీపీ షాపులో పని, రాత్రి అన్నం తిన్నాక ఇంట్లో సొంతంగా డిజైన్లు చేస్తుంటాను. పోయిన నెల ఒక బట్టల షాపాయనకు లోగో చేసిచ్చాను. 1500 అని నోరు జారాను. ఏడుసార్లు మార్పించి, ఆఖరికి మొదటిదే బాగుందన్నాడు. కూర్చుని లెక్కేస్తే 26 గంటలు, గంటకు 60 రూపాయలు కూడా పడలేదు. అందులోనూ 500 ఇంకా రావాలి, ఫోన్ చేస్తే రేపంటాడు.

ఇప్పుడు మా మామకు తెలిసినాయన గానుగ పెడుతున్నాడు, శనక్కాయ నూనె, కుసుమ నూనె. లోగో కావాలి, సీసాలకు లేబుళ్లూ కావాలి. నేను రేటు చెప్పకముందే "ఫ్లెక్స్ వేయించుకుంటే డిజైన్ ఫ్రీగానే ఇస్తారు కదప్పా" అని ఒక మాట వేసి పెట్టాడు. 5000 అంటే పారిపోతాడేమో, 2000 అంటే మళ్లీ నేనే ఏడవాలి. మీరంతా ఎట్లా లెక్కేస్తారు?

కర్నూలు_ప్రెస్సు:
మా షాపులోనూ ఫ్రీనే తమ్ముడూ, దాచేదేముంది. మాకు డబ్బులొచ్చేది చదరపు అడుగుల మీద. నెట్‌లో శనక్కాయ బొమ్మ దించుకుని, కింద పేరు కొట్టి, కాస్త షాడో పెట్టి పది నిమిషాల్లో పంపేస్తాం. అదే శనక్కాయ రేపు ఇంకో గానుగకూ పోతుంది.

నువ్వు ఆయన్ను ఒకటే అడుగు, ఆ బొమ్మ సీసా మూత మీద ఎట్లా పడుతుందో చూశారా అని. మొన్న ఒక పార్టీ పేరులో 'క్ష్మి' ఉంది. ఆరడుగుల ఫ్లెక్స్ మీద బ్రహ్మాండంగా ఉంది, మూత స్టిక్కర్‌కు వచ్చేసరికి మ ఒత్తు సిరాతో పూడిపోయి ఈగ వాలినట్టు కనపడింది. వెయ్యి స్టిక్కర్లు చెత్తబుట్టలోకి.

అట్లాగే జేపీజీ ఒక్కటి పంపి చేతులు దులుపుకోవద్దు. కోరెల్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునే వెక్టర్ ఫైల్ (ఎంత పెంచినా గీత చెదరనిది) ఇవ్వకపోతే మేం మొదట్నుంచి గీయాల్సొస్తుంది, తిట్లు నీకే.

కడప_గీతలు:
నెలకు నీకు ఎంత మిగలాలో ముందు అది రాసుకో. నాకు 25,000 మిగలాలి, కరెంటు, నెట్, సాఫ్ట్‌వేర్ చందా అన్నీ కలిపి ఇంకో 5,000. నెలకు 200 గంటలు కూర్చున్నా సగం ఫోన్లకు, వాట్సాప్‌లో "కొంచెం పెద్దది చెయ్ అన్నా"లకు, డబ్బులు వసూలు చేసుకోవడానికే పోతాయి. మిగిలిన 100 గంటల్లో 30,000 రావాలంటే గంటకు 300. మామూలు లోగో నాకు 20 గంటల పని, అంటే 6000. అంతకన్నా కిందికి దిగితే ఆ నెల ఇంట్లోవాళ్ల డబ్బులతో బతకాలి.

సగం అడ్వాన్స్ పడకుండా పెన్సిల్ పట్టను. మూడు నమూనాలు, రెండు విడతల మార్పులు, ఆపైన ప్రతి విడతకూ 500. ఇది ముందే వాట్సాప్‌లో పెట్టి "సరే" అనిపించుకో, బంధువైనా సరే, బంధువైతే ఇంకా ముఖ్యం. లేబుల్‌ను లోగోలో కలపొద్దు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, నికర బరువు, తయారీ తేదీ అన్నీ పట్టించాలి, అది వేరే పని.

ఇంకోటి, చాలామంది వదిలేసేది. లోగో మీద కాపీరైట్ ఆయనకు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లకే లెక్కగడుతుంది, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. కాబట్టి మొత్తం డబ్బులు అందాక హక్కులన్నీ శాశ్వతంగా ఇస్తున్నట్టు ఒక కాగితం రాసివ్వు, నీ రేటుకూ ఒక మర్యాద ఉంటుంది. రేపు ట్రేడ్‌మార్క్‌కు పోతే ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజే, ఒక్కో తరగతికి (అంటే సరుకు రకానికి), సొంత పేరు మీద 4500. అక్కడ బేరం లేదు, నీ దగ్గరే బేరం!

ప్రొద్దుటూరు_టిఫిన్:
డబ్బులిచ్చేవాడిగా చెప్తున్నా. పై అన్న గంటల లెక్క నీ పుస్తకంలో పెట్టుకో, మాకు చెప్పొద్దు. నువ్వు ఎన్ని గంటలు కూర్చుంటే నాకేం? మా హోటల్ బోర్డుకు ఒకడు 3000 అన్నాడు, ఇంకొకడు 8000. ఎనిమిది వేలాయనకే ఇచ్చాను. ఆయన పొద్దున్నే వచ్చి కారం దోసె తిని, రోడ్డు అవతలికి పోయి నిలబడి, బోర్డు బస్సులోంచి కనపడుతుందా లేదా అని చూసి, తర్వాత రేటు చెప్పాడు. మూడు వేలాయన ఫోన్‌లోనే చెప్పేశాడు.

అనంతపురం_రాత్రిపని:
నిన్న గానుగ దగ్గరికి పోయొచ్చాను. ఫ్లెక్స్ షాపాయన ఇచ్చిన బొమ్మను మూత సైజులో ప్రింట్ తీసుకుపోయి చేతిలో పెట్టాను. కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు, "ఇదేంది, మా అమ్మ పేరు చదవరాలేదే" అన్నాడు. 7000 చెప్పాను. మామ మొహం చూశాడు, మామ పైకప్పు చూశాడు. చివరికి లోగో 5500, లేబుల్ ఒక్కోటి 1200 దగ్గర తెగింది, మార్పులు రెండు విడతలే. 6000 కిందికి దిగొద్దన్నావు కడపన్నా, దిగాను, తిట్టుకో. అడ్వాన్స్ 2500 పొద్దున్నే ఫోన్‌పేలో పడింది. రెండు లీటర్ల శనక్కాయ నూనె కూడా ఇచ్చి పంపాడు, అది బిల్లులో తగ్గిస్తాడో ఏమో ఇంకా తెలియదు.