రెండున్నర సెంటీమీటర్లు కూడా లేని రోమన్ సైనికులు: మొదటిసారి రంగులు వేస్తున్నా, సాయం చేయండి

గుణుపురం_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా మావయ్య హైదరాబాద్ నుంచి 1/72 స్కేల్ రోమన్ సైనికుల డబ్బా తెచ్చిచ్చాడు. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు. ఆదివారం కూర్చుని ఎనిమిదింటికి రంగు వేశాను. ఎర్ర చొక్కా, వెండి కవచం, కళ్లు, కనుబొమలు, ఆఖరికి పెదాలు కూడా. తెల్లారి చూస్తే ముగ్గురి ఈటెల మీద రంగు వేరుశెనగ పొట్టులా లేచిపోయింది. మిగతా అయిదుగురూ దెయ్యాన్ని చూసినట్టు కళ్లు వెళ్లబెట్టుకుని నిలబడ్డారు. మా చెల్లి ఒకటే నవ్వు. ఎక్కడ తప్పు చేశానంటారు?

జయపురం_మాస్టారు:
ముందు ఆ కళ్లు తీసెయ్ బాబూ. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషిని 72తో భాగిస్తే 24 మిల్లీమీటర్లు. అందులో కన్ను అర మిల్లీమీటరు కూడా రాదు. ఆ దూరంలో మనకు కనబడేది కన్ను కాదు, కంటి గుంటలో నీడ. ముఖమంతా చర్మం రంగు వేసి ఆరనివ్వు. ముదురు గోధుమ రంగును టీ నీళ్లంత పల్చగా కలిపి దాని మీద వదిలెయ్. కంటి గుంటల్లోకి, ముక్కు పక్కకి, గడ్డం కిందకి అదే వెళ్లి కూర్చుంటుంది. ఆరాక ముక్కు మీద, బుగ్గల మీద చర్మం రంగు మళ్లీ ఒక్కో చుక్క. అంతే. ఇంకోటి, మరీ సన్నటి 000 బ్రష్ వద్దు. దాని మీద రంగు బొమ్మ దగ్గరికి వెళ్లేలోపే ఆరిపోతుంది. మొన చెదరని 1 నంబర్ బ్రష్ ఒక్కటి చాలు.

ధర్మాబాద్_మిర్చి:
ఈటెల సంగతి నేను చెప్తా. మెత్తటి ప్లాస్టిక్ వంగుతుంది, మీద రంగు వంగదు, అందుకే పెచ్చులు లేస్తుంది. పైగా అచ్చులోంచి వచ్చిన జిడ్డు ఒకటి ఉంటుంది. అంట్లు తోమే లిక్విడ్ వేసిన గోరువెచ్చటి నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఒక రోజంతా ఆరబెట్టు. తర్వాత ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి ఒక పూత. తెల్లగా ఉందని కంగారుపడకు, ఆరితే కనబడదు. దాని మీద రంగులు, అన్నీ అయ్యాక పైన మళ్లీ అదే పూత. నావి మూడేళ్లుగా అటక మీద డబ్బాలో ఉన్నాయి, ఒక్క ఈటె కూడా పెచ్చు లేవలేదు.

సిరొంచ_ప్రాణహిత:
స్ప్రే ప్రైమర్ (రంగులకి ముందు కొట్టే అడుగు పూత) కొందామనుకుంటే వానాకాలం పోయేదాకా ఆగు తమ్ముడూ. నేను శ్రావణంలో, జల్లు ఆగింది కదా అని మేడ మీద కొట్టాను. గాల్లో చెమ్మకి నల్ల ప్రైమర్ కాస్తా బూడిద రాసినట్టు తెల్లబడింది. ఇరవై మంది సైన్యం భస్మం పూసుకున్న సాధువుల్లా తయారైంది. అప్పటినుంచి బ్రష్‌తోనే నల్ల అక్రిలిక్ వేస్తున్నా.

రాయగడ_అక్క:
వేసిన రంగు తీయాలంటే నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం ముట్టుకోవద్దు. నీ మెత్తటి బొమ్మలకి ఏమీ కాకపోవచ్చు. నేను గట్టి ప్లాస్టిక్ సెంచూరియన్‌ని, అంటే రోమన్ దళనాయకుడి బొమ్మని, అందులో ముంచాను, మొహం బెల్లం పాకంలా కరిగిపోయింది. అక్రిలిక్ అయితే డెట్టాల్‌లో ఒక రాత్రి నానబెట్టు. గ్లవుజులు వేసుకో. రుద్దేటప్పుడు కూడా డెట్టాల్‌లోనే ముంచి రుద్దాలి, మధ్యలో నీళ్లు తగిలితే రంగంతా జిగురుముద్ద అవుతుంది.
ఇంతకీ రోమన్లవి ఎర్ర చొక్కాలేనా? సినిమాల్లో అందరివీ అవే కదా.

జయపురం_మాస్టారు:
ఆ గొడవ పండితులకే తేలలేదమ్మా. ఈజిప్టులో దొరికిన మమ్మీ చిత్రపటాల్లో సైనికులు తెల్ల చొక్కాల్లో కనబడతారు. ఎరుపుకీ వాదించేవాళ్లున్నారు. బట్టల డబ్బు సైనికుడి జీతంలోంచే కోసేవారు. కాబట్టి అందరివీ ఒకే తానులోంచి వచ్చినట్టు ఉండక్కర్లేదు. నా మటుకు నేను సగం మందికి ముతక తెలుపు వేస్తాను.

ధర్మాబాద్_మిర్చి:
మాస్టారూ, తెలుపు వేస్తే బల్ల మీద వాళ్లు రోమన్లని ఎవరూ గుర్తుపట్టరు. నా ఓటు ఎరుపుకే. కాకపోతే సీసాలోంచి తీసిన ఎరుపు కాదు. వాళ్లు మంజిష్ఠ జాతి వేరుతో అద్దేవారు, అది ఎండకి వెలిసేది. మా ఊరి మార్కెట్లో కొత్త మిరపకాయల రాశి పక్కన నిరుటి రాశి చూడండి, ఆ నిరుటి రంగు. ఎరుపులో కాస్త గోధుమ కలిపితే వచ్చేస్తుంది.

జయపురం_మాస్టారు:
మిరపకాయల పోలిక బాగుంది, ఒప్పుకున్నా. కవచం మాత్రం వెండిలా మెరిపించొద్దు. ఆ పట్టీల కవచం ఇనుము, బిగించే కొక్కేలు, కీళ్లు ఇత్తడి. 1964లో ఇంగ్లండులోని కార్‌బ్రిడ్జ్‌లో ఒక పెట్టె నిండా ఈ కవచాల ముక్కలు దొరికాకే వాటి కట్టుబడి సరిగ్గా తెలిసింది. ముందు నలుపు వెయ్. బ్రష్‌కి వెండి రంగు అద్ది, పాత గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, ఉత్త పొడి బ్రష్‌తో పట్టీల మీద అటూఇటూ ఆడించు. అంచులే మెరుస్తాయి, సందుల్లో నలుపు అలాగే ఉంటుంది.

గుణుపురం_కుర్రాడు:
మూడు వారాలయింది, చెప్పినవన్నీ చేశాను. పన్నెండు మంది తయారు. పొడి బ్రష్ పని మొదటి కవచం మీద చేసినప్పుడు నమ్మలేకపోయాను అన్నా, అయిదు నిమిషాల్లో ఇనుము అయిపోయింది! ముఖాలు నేనేమీ గీయలేదు, అయినా ఒకడు అలిసిపోయినట్టున్నాడు, ఇంకొకడు కోపంగా ఉన్నాడు. చొక్కాలు ఎనిమిది నిరుటి మిరపకాయలు, నాలుగు మాస్టారి తెలుపు. పాతవాళ్లలో ఏడుగురిని డెట్టాల్‌లో వేశాను. ఎనిమిదోవాణ్ణి, కళ్లు వెళ్లబెట్టినవాణ్ణి, చెల్లి ఇవ్వనంది. వాడిప్పుడు దాని పెన్సిల్ బాక్స్‌లో ఉన్నాడు.
డాలు మీద బొమ్మ ఏం వేయాలి మాస్టారూ? ఒకటిన్నర సెంటీమీటరు ఉంది అంతే.

జయపురం_మాస్టారు:
సిరియాలోని దూరా యూరోపోస్‌లో ఒక వంపు డాలు దొరికింది, మూడో శతాబ్దానిది, ఇప్పుడు అమెరికాలో యేల్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉంది. ఎర్ర నేల మీద గద్ద, సింహం, రెక్కల దేవతలు. ఎత్తు మీటరు పైచిలుకు, నీ లెక్క సరిపోయింది. అయితే నీ సైనికులు అంతకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందువాళ్లు. వాళ్లకి రెక్కలు, మెరుపు గీతలు చాలు. ముందు కాగితం మీద పది గీసి చూపించు.