కార్పస్ 55 లక్షలు: ముందు రోడ్డా, డ్రైనేజీ లైనా, ఇంకుడు గుంతలా, సోలారా?

విల్లా కమిటీ, శంకర్‌పల్లి రోడ్డు
అవుటర్ దాటాక 96 విల్లాల కమ్యూనిటీ మాది. కార్పస్‌లో (అందరూ కలిసి కూడబెట్టిన ఉమ్మడి నిధి) 55 లక్షలున్నాయి. వచ్చే నెల జనరల్ బాడీలో తేల్చాలి. చేతిలో ఉన్న కొటేషన్లు ఇవీ. లోపలి సీసీ రోడ్డు 900 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు, 500 క్యూబిక్ మీటర్ల ఎం30 గ్రేడు కాంక్రీటు: 46 లక్షలు. డ్రైనేజీ మెయిన్ లైన్ పూర్తిగా మార్చడం: 19 లక్షలు. ఎనిమిది ఇంకుడు గుంతలు: 6 లక్షలు. క్లబ్‌హౌస్ మీద 30 కిలోవాట్ల సోలార్: 16 లక్షలు. రోడ్డు గుంతలు పడింది కాబట్టి ఎక్కువమంది రోడ్డే అంటున్నారు. వానాకాలంలో మాత్రం గేటు దగ్గరి రెండు మ్యాన్‌హోళ్లు పొంగుతున్నాయి. దేంతో మొదలుపెట్టమంటారు?

సైట్ ఇంజినీర్
రోడ్డు ఆఖరున. భూమిలో చేయాల్సిన పని ఒక్కటి మిగిలున్నా పైన కాంక్రీటు పోయకండి, ఏడాది తిరక్కుండానే రోడ్డు కోయడానికి కట్టర్ తెప్పించాల్సి వస్తుంది.

ఇంకో సంగతి, ఆ కొటేషన్ మళ్లీ చదవండి. 900 × 5.5 అంటే 4,950 చదరపు మీటర్లు. 150 మి.మీ. మందానికి 742 క్యూబిక్ మీటర్లు కావాలి. వాళ్లు రాసింది 500, అంటే మందం నాలుగు అంగుళాలే. చెత్త లారీ, నీళ్ల ట్యాంకర్ తిరిగే రోడ్డుకు అది నిలవదు. జీఎస్టీ కలిపారో లేదో కూడా అడగండి. "జీఎస్టీ అదనం" అని అడుగున చిన్నగా రాసుంటే 46 కాస్తా 54 దాటుతుంది.

రోడ్డు వంతు వచ్చినప్పుడు ముందుగా ప్రతి ఇంటి దగ్గరా రోడ్డుకు అడ్డంగా 110 మి.మీ. పైపులు రెండేసి పాతించండి, నీళ్లకొకటి, కేబుళ్లకొకటి. లోపల ఒక తీగ వదిలి, రెండు చివరలూ మూసి, ఎక్కడున్నాయో కెర్బ్ (రోడ్డు అంచు గట్టు) మీద పెయింటుతో గుర్తు పెట్టాలి. పైపులు వేసిన కాలువలను 20 సెం.మీ. పొరలుగా మట్టి నింపి, తడిపి, దిమ్మిస కొట్టాలి. ఒక్కసారే పూడిస్తే మట్టి కుంగి, సరిగ్గా ఆ గీత వెంటే స్లాబ్ పగులుతుంది. జాయింట్లు (పగుళ్లు అదుపులో ఉండేందుకు పెట్టే కోతలు) 4 నుంచి 4.5 మీటర్లకొకటి, కాంక్రీటు గట్టిపడిన వెంటనే కోయాలి. ఎండాకాలంలో మర్నాడు చూద్దాంలే అనుకుంటే అది తనకు నచ్చిన చోట పగులుతుంది. క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) 14 రోజులకు తగ్గొద్దు.

డ్రైనేజీ పని
19 లక్షలు పెట్టే ముందు ఒక్కటి చెప్పండి: మ్యాన్‌హోళ్లు పొంగేది వాన పడినప్పుడేనా, మామూలు రోజుల్లో పొద్దున ఏడు, ఎనిమిదింటికి కూడానా?

ఎండ రోజుల్లోనూ పొంగితే లైన్‌లో అడ్డమో, వాలు తప్పడమో. 150 మి.మీ. పైపుకు వందకు ఒకటి వాలు ఉండాలి, అంటే 30 మీటర్లకు 30 సెం.మీ. మూతలు తీసి, లెవెల్ పెట్టి ప్రతి మ్యాన్‌హోల్ అడుగుభాగం ఎత్తు రాసుకుంటే ఎక్కడ తేడా వచ్చిందో దొరుకుతుంది. ఆ రెండు మ్యాన్‌హోళ్ల మధ్య ముక్క మారిస్తే చాలు. ముందు జెట్టింగ్ మెషిన్‌తో కడిగించి, కెమెరా పంపి చూడండి. మనిషిని మాత్రం లోపలికి దించొద్దు, రక్షణ సామగ్రి లేకుండా దించడం 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం.

వానలోనే పొంగితే ఆ లైన్‌లోకి మిద్దె నీళ్లు వస్తున్నట్టే. విల్లాల్లో ఇది మామూలే: వాన పైపును దగ్గర్లో ఉన్న డ్రైనేజీ చాంబర్‌లో కలిపేస్తారు. మిద్దె మీద రంగు నీళ్లు పోసి, చాంబర్ మూత తీసి చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఇలాంటి చోట లైన్ మొత్తం మార్చినా పొంగడం ఆగదు.

విల్లా కమిటీ, శంకర్‌పల్లి రోడ్డు
వానలోనే సర్. ఎండాకాలంలో ఒక్క ఫిర్యాదు లేదు.

బోర్లు, నీళ్లు
అయితే మీ డ్రైనేజీ పని, ఇంకుడు గుంతల పని రెండూ ఒకటే. చాంబర్ల నుంచి తప్పించిన వాన పైపులకు వేరే దారి చూపాలి కదా, వాటిని గుంతలకే తిప్పండి. మిద్దె సగటున 150 చదరపు మీటర్లనుకుంటే 96 ఇళ్లకు 14,400. 20 మి.మీ. వాన పడితే 2,88,000 లీటర్లు. ఐదో వంతు పోయినా 10 వేల లీటర్ల ట్యాంకర్లు 23 నిండే నీళ్లు. ఇప్పుడదంతా మీ మురుగు లైన్‌లోకే పోతోంది.

ఎనిమిది గుంతలకూ ఒకేసారి ఆర్డర్ ఇవ్వకండి. మన దగ్గర కింద గ్రానైట్, కొన్నిచోట్ల చుక్క ఇంకదు. అనుకున్న చోటల్లా చిన్న గుంత తవ్వి, నీళ్లు నింపి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి చూడండి. దిగని చోటు వదిలేయండి. ఎండిపోయిన బోరు ఉంటే దాని చుట్టూ రెండు మీటర్ల గుంత తీసి, కేసింగ్ పైపుకు రంధ్రాలు పెట్టి, జాలీ చుట్టి, అడుగున పెద్ద రాయి, మీద 20 ఎం.ఎం. కంకర, ఆపైన దొడ్డు ఇసుక నింపితే మామూలు గుంతకంటే బాగా తాగుతుంది. నీళ్లు గుంతలోకి వెళ్లే ముందు ఒక సిల్ట్ చాంబర్ (బురద దిగే తొట్టి) తప్పనిసరి, లేకపోతే రెండు వానలకే ఇసుక మీద బురద గట్టిపడుతుంది. రోడ్డు మీది నీళ్లు బోరులోకి వదలొద్దు, పెట్రోలు, నూనె అన్నీ అందులోనే ఉంటాయి. మిద్దె నీళ్లే. ఇదంతా జూన్ లోపే అయిపోవాలి.

లెక్కల మనిషి
నేనైతే సోలార్‌ను రోడ్డుకంటే ముందు పెడతాను. తిరిగి డబ్బు తెచ్చే పని మీ జాబితాలో అదొక్కటే. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో అసోసియేషన్ల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రాయితీ ఉంది, 30 కిలోవాట్లకు 5.4 లక్షలు. అయితే అది ప్లాంటు నడిచాక వస్తుంది, ముందు మొత్తం మీరే కట్టాలి. ప్యానెళ్లు దేశీయ సెల్స్‌తో చేసినవే అయ్యుండాలి, బిల్లులో ఆ మాట రాయించండి. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన నెలకు 3,600 యూనిట్లు. మీ ఉమ్మడి మీటర్ అంత తిరగడం లేదంటే 20 కిలోవాట్లు చాలు. నీడ పడని మిద్దె కిలోవాట్‌కు వంద చదరపు అడుగులు కావాలి, క్లబ్‌హౌస్ మీద ట్యాంకు నీడ ఎటు పడుతుందో చూసుకోండి.

సైట్ ఇంజినీర్
సోలార్ ముందన్నా నాకు అభ్యంతరం లేదు. రోడ్డుకు ఎలాగూ ఈ కార్పస్ చాలదు. అప్పటిదాకా రోడ్డు మీది పెద్ద గుంతల్లో వెట్ మిక్స్ (తడిపిన కంకర మిశ్రమం) నింపి రోలర్ తిప్పించండి. ఇంకో మాట, ఆ రోడ్లు లేఅవుట్ అనుమతప్పుడు గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసిచ్చారేమో బిల్డర్ ఫైల్లో చూడండి. రాసిచ్చి ఉంటే ఆ ఖర్చు అడగాల్సింది వాళ్లను. ఏ పనికైనా బిల్లులో 5 శాతం ఆపి, ఒక వానాకాలం దాటాకే కాంట్రాక్టరుకు ఇవ్వండి.