ఆమ్లత పెరిగితే పగడపు దిబ్బల చేపపిల్లలకు వాసన తెలియదా?

కళింగపట్నం కుర్రాడు:
మా నాన్న వేటకెళ్తారు, నేను డిగ్రీలో జువాలజీ. సముద్రంలో ఆమ్లత పెరిగితే చేపపిల్లలు వాసన పసిగట్టలేక శత్రువు వైపే ఈదుకుంటూ పోతాయని క్లాసులో చెప్పారు, నిన్న ఒకాయన అదంతా తప్పని తేలిపోయిందన్నారు. పరీక్షలో ఏది రాయాలి? టెన్షన్‌గా ఉంది.

టెక్కలి అన్న:
తమ్ముడూ, రెండూ జరిగాయి. 2009లో ఆస్ట్రేలియా పరిశోధకులు పగడపు దిబ్బల్లో బతికే క్లౌన్ ఫిష్ పిల్లల్ని పీహెచ్ 7.8 నీళ్లలో (పీహెచ్ తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) పెంచితే, మామూలుగా దూరంగా పోయే వాసనల వైపే వెళ్లాయని రాశారు. పరీక్ష ఎలాగంటే, సన్నటి తొట్టెలో రెండు రకాల నీళ్లు కలవకుండా పక్కపక్కనే పారుతుంటాయి, గోరంత పిల్ల ఏ పక్కన ఎంతసేపుందో లెక్కపెడతారు. 2020లో నేచర్ పత్రికలో వేరే బృందం ఆరు జాతులు, 900కి పైగా చేపలతో మూడేళ్లు చేసి, ప్రవర్తన చెప్పుకోదగ్గంత మారలేదంది. వాళ్లు వీడియోలు తీశారు, అందుకే నాకు దానిమీదే నమ్మకం ఎక్కువ.

విజయనగరం టీచర్:
వాసన పోకపోయినా గండం ఉంది బాబూ. కార్బన్ డయాక్సైడ్ కలిసి ఆమ్లత పెరిగితే నీళ్లలో కార్బోనేట్ తగ్గుతుంది, పగడం తన సున్నపు గూడు కట్టుకునేది దాంతోనే. పరిశ్రమలు రాకముందు సుమారు 8.2 ఉన్న పీహెచ్ ఇప్పుడు 8.1, అంకె చిన్నదే గానీ ఆమ్లతకు కారణమైన హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతం పైగా పెరిగినట్టు. పగడం కొమ్మల సందుల్లో దాక్కునే పిల్లకు ఆ సందే లేకపోతే?

కళింగపట్నం కుర్రాడు:
థాంక్యూ సార్, థాంక్యూ అన్నా. రెండు ప్రయోగాలూ సంవత్సరాలతో రాస్తాను. నాన్నకు చదివి వినిపిస్తే, మన రాళ్ల దగ్గరా చిన్న చేపలు సందుల్లోనే దాక్కుంటాయిరా అన్నారు.