పీటీ2399 డిలే పెడల్‌లో సొద ఎలా తగ్గించాలి?

ప్రశ్న (గాజువాక):
అన్నలూ, వెరోబోర్డు (రాగి గీతలున్న బోర్డు) మీద పీటీ2399 అనే డిలే చిప్‌తో గిటార్‌కి డిలే పెడల్, అంటే శబ్దాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించేది, కట్టాను. 5 వోల్టులకి 78ఎల్05 రెగ్యులేటర్, ముందూ వెనకా టీఎల్072 ఆప్‌ఆంప్ (సిగ్నల్ పెంచే చిప్). టైమ్ నాబ్ 50కె (కిలో ఓమ్స్) పాట్, అంటే తిప్పితే రెసిస్టెన్స్ మారేది, పీటీ2399 ఆరో పిన్ నుంచి నేరుగా గ్రౌండ్‌కి. బ్యాటరీ మీద డ్రై శబ్దం (డిలే కలవని అసలు శబ్దం) శుభ్రంగా ఉంది. అడాప్టర్ పెడితే హమ్. టైమ్ పెంచేకొద్దీ హిస్, చివర్లో సన్నగా ఈల. రిపీట్స్ పెంచితే సొదంతా పేరుకుపోతోంది. టీఎల్072 తీసి ఖరీదైన ఆప్‌ఆంప్ వేస్తే తగ్గుతుందా?

జవాబు (ఎంవీపీ కాలనీ):
ఆప్‌ఆంప్ మీద డబ్బు తగలెయ్యకు తమ్ముడూ. డ్రై శుభ్రంగా ఉందంటేనే దాని తప్పు లేదని తేలిపోయింది.

ముందు ఆ 50కె పాట్ తీసెయ్. ఈ చిప్‌లో మెమరీ పెరగదు, టైమ్ పెంచడమంటే క్లాక్‌ని నెమ్మది చెయ్యడమే. డేటాషీట్ ప్రకారం ఆరో పిన్ దగ్గర 27.6కె ఉంటే 342 మిల్లీసెకన్లు, క్లాక్ 2 మెగాహెర్ట్జ్. అర కె ఉంటే 31 మిల్లీసెకన్లు, క్లాక్ 22. నువ్వు 50కె దాకా తిప్పితే దాదాపు 600 మిల్లీసెకన్లు. అంత దూరం లాగితే హిస్సూ ఈలా రెండూ చెవికి అందే చోటికి దిగుతాయి. 25కె పాట్ వేసి సిరీస్‌లో 2.7కె పెట్టు, 340 దగ్గర ఆగుతుంది. పాట్ సున్నాలో ఉండగా పవర్ ఇస్తే చిప్ బిగుసుకుపోయి డిలే రాని జబ్బు కూడా ఆ 2.7కెతో పోతుంది.

తర్వాత ఫిల్టర్. చిప్ అవుట్‌పుట్‌లో 10కె సిరీస్, అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి 4.7 నానోఫారడ్ కెపాసిటర్. 3.4 కిలోహెర్ట్జ్ పైన కోత పడుతుంది. రిపీట్స్ పాట్‌కి సిగ్నల్ ఈ ఫిల్టర్ దాటాకే తియ్యి. అప్పుడు ప్రతి రిపీటూ మళ్లీ వడపోతకి వస్తుంది, సొద పేరుకోదు. ఇది చాలామంది వదిలేస్తారు, అసలు ఫలితం ఇక్కడే ఉంది. ఇంకొకటి: చిప్‌లోకి సిగ్నల్ మూడింతలు పెంచి పంపి, బయటికొచ్చాక అంతే తగ్గించు. గట్టిగా స్ట్రమ్ చేస్తే రిపీట్ బొంగురుపోతే గెయిన్ ఎక్కువైనట్టు.

జవాబు (సీతమ్మధార):
పై అన్న చెప్పింది వెట్ (డిలే అయిన శబ్దం) సంగతి. హమ్ వేరే. బ్యాటరీ మీద పోతోంది కాబట్టి అడాప్టర్ నుంచే వస్తోంది. 9 వోల్టుల లైన్‌లో 47 ఓమ్స్ సిరీస్, దాని తర్వాత గ్రౌండ్‌కి 220 మైక్రోఫారడ్ పెట్టండి. 100 ఓమ్స్ పెట్టొద్దు: సర్క్యూట్ 20 మిల్లీఆంప్స్ లాగితే 2 వోల్టులు అక్కడే పోతాయి, 78ఎల్05కి ఇన్‌పుట్ బొటాబొటీ అవుతుంది. పీటీ2399 ఒకటో పిన్‌కి (పవర్) ఆనుకునే 100 నానో సెరామిక్, రెండో పిన్ నుంచి గ్రౌండ్‌కి 47 మైక్రో ఉండాలి.

గ్రౌండ్ ముఖ్యం. మూడు, నాలుగు పిన్‌లని చిప్ కిందే కలిపి, అక్కణ్ణుంచి ఒకే వైరు రెగ్యులేటర్ గ్రౌండ్‌కి లాగండి. గిటార్ జాక్ గ్రౌండ్ ఆ దారిలో కలవకూడదు, విడిగా రావాలి.

ఇక ఈల. ఐదో పిన్ క్లాక్ అవుట్‌పుట్, దానికేమీ కలపక్కర్లేదు. కానీ వెరోబోర్డు మీద ఆ రాగి గీత బోర్డు చివరిదాకా పాకి యాంటెనా అయిపోతుంది. పిన్‌కి పక్క రంధ్రం దగ్గరే డ్రిల్ బిట్ చేత్తో తిప్పి గీత తెంపండి. రెండు వైపులా తెంపాలి. ఆరో పిన్ నుంచి పాట్‌కి వెళ్లే వైర్లు కూడా పొట్టిగా, ఇన్‌పుట్ జాక్‌కి దూరంగా.

కరెంటు పోయి స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ నడుస్తున్నప్పుడు మాత్రం సొద పరీక్షించొద్దు. ఆ బుర్ర్ మీ పెడల్‌ది కాదు.

జవాబు (పెదవాల్తేరు):
సముద్రం పక్కన ఉన్నవాళ్లకి ఇంకో మాట. బోర్డు మీద మిగిలిన టంకం ఫ్లక్స్ ఉప్పు గాలిలో చెమ్మ పీల్చి, 1 మెగాఓమ్ రెసిస్టర్ల దగ్గర లీకై చిటపటలాడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, పీసీబీ లక్కర్ ఒక పూత వెయ్యండి. పాట్‌ల మీదా జాక్‌ల మీదా పడకూడదు. గిటార్ తీగలు ముట్టుకుంటే హమ్ పెరిగితే గోడ సాకెట్‌లో ఎర్త్ లేదేమో చూపించండి. హమ్ పోతుందని ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ ఎప్పుడూ తీసెయ్యొద్దు, ప్రాణాపాయం.

గాజువాక:
అన్నీ చేస్తాను. కంపాండర్ (సిగ్నల్‌ని ముందు నొక్కి, తర్వాత మళ్లీ సాగదీసేది) కూడా వెయ్యాలా?

ఎంవీపీ కాలనీ:
ఇవన్నీ అయ్యాక కూడా రిపీట్ల మధ్య నిశ్శబ్దంలో హిస్ వినిపిస్తేనే. ఎస్‌ఏ571 కంపాండర్ చిప్ ఒక్కటి చాలు, 9 వోల్టులకే నడుస్తుంది. అందులో ఒక సగం పీటీ2399 ముందు కంప్రెసర్, రెండో సగం తర్వాత ఎక్స్‌పాండర్. రెండింటి టైమింగ్ కెపాసిటర్లూ ఒకే విలువ పెట్టు, తేడా వస్తే నోటు ఆగేటప్పుడు సొద ఊపిరి పీల్చినట్టు పొంగి తగ్గుతుంది.