డ్రెస్డెన్ సంతలో దొరికిన ‘ప్రోబె’ థాలర్ అసలుదేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను డ్రెస్డెన్‌లో ఉంటున్నాను. ఎల్బే ఒడ్డున జరిగే శనివారం సంతలో ఒక థాలర్ (పాత జర్మన్ వెండి నాణెం) కనిపించింది. సాక్సనీ రాజు యోహాన్ తల, 1861, బి అక్షరం ఉన్నాయి. వెండి మెరుపు లేదు, తగరంలా మసకగా ఉంది. టంకశాలవాళ్లు ముందుగా కొట్టి చూసుకున్న ‘ప్రోబె’, అంటే నమూనా నాణెం అని అమ్మేవాళ్లు అంటున్నారు. ధర 400 యూరోలు. అడ్వాన్స్ ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను. తూస్తే 13.2 గ్రాములే ఉంది. టెన్షన్‌గా ఉంది, కొనొచ్చా?

జవాబు:
బరువు తగ్గిందని కంగారుపడకండి. 1857 వియన్నా నాణేల ఒప్పందం ప్రకారం 500 గ్రాముల మేలిమి వెండికి 30 థాలర్లు. అందులో పదో వంతు రాగి కలుస్తుంది కాబట్టి ఒక్కోటి 18.52 గ్రాములు తూగుతుంది. అదే సైజు తగరంలో 13 గ్రాములు దాటి కాస్త ఉంటుంది. డై (నాణెం మీద బొమ్మ కొట్టే ముద్ర) చెక్కినవాళ్లు తమ పని ఎలా వచ్చిందో చూసుకోవడానికి మెత్తటి తగరం మీద కొట్టి చూడటం నిజమే. కానీ దొంగ నాణెం పోతపోసేవాళ్లకూ తగరమే సులువు. నేనైతే బరువు చూసి 400 ఇవ్వను.

నగలు తూచే చిన్న కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీళ్లలో ముంచండి. కాటా చూపించేది నాణెం పక్కకు నెట్టిన నీళ్ల బరువు. 1.8 గ్రాముల దగ్గర చూపిస్తే తగరమే, ఎందుకంటే 13.2ని 1.8తో భాగిస్తే తగరం సాంద్రత 7.3 వస్తుంది. తర్వాత అంచు చూడండి, అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. మామూలు సాక్సనీ థాలర్ అంచు మీద ‘గాట్ జెగ్నె జాక్సెన్’ (దేవుడు సాక్సనీని దీవించుగాక) అని ఉంటుంది. నమూనాల్లో అంచు నున్నగానూ ఉండొచ్చు, దానికి భయం లేదు. చుట్టూ సన్నటి గీత ఉందేమో భూతద్దంతో వెతకండి.

ఇంకొకరు:
దయచేసి రుద్ది కడగొద్దు అన్నా. నిజంగా నమూనానే అయితే ఆ పాత పొర పోగానే విలువ సగం పోయినట్టే.

అడిగినవారు:
నీళ్లలో 1.8 వచ్చింది. అంచు నున్నగా ఉంది, కానీ చుట్టూ ఆకురాయితో అరగదీసిన గీత కనిపిస్తోంది. అక్షరాల మొదళ్లు గుండ్రంగా ఉన్నాయి, పక్కన సూదిమొనంత గుంటలు.

జవాబు:
అయితే అది పోత. డైతో కొట్టిన నాణేనికి అక్షరం మొదలు పదునుగా లేస్తుంది, ఆ గుంటలు రావు. గీత రెండు అచ్చులు కలిసిన చోటు. తిరిగి ఇచ్చేసి అడ్వాన్స్ అడగండి. ఇచ్చేముందు అంచు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, రేపు ఇలాంటిదే ఇంకొకరి చేతికి రావచ్చు.