సమస్య: నీడ తీసివేయ నీడ దొరికె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదీ, దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి.

నీడ తీసివేయ నీడ దొరికె

నిన్న రాత్రి అడవిలో బతికి నిలవాల్సిన సర్వైవల్ కంప్యూటర్ ఆటలో మంచుతుఫానుకు చిక్కుకుని, గ్రాఫిక్స్ సెట్టింగులు మారుస్తుంటే తట్టింది. పూరణ ఆ సందర్భానికే చెందాలి. ఇంగ్లీషు మాటలు పడనివ్వండి, గణాల్లో ఒదిగితే చాలు.

పాతకార్డు:
నా గ్రాఫిక్స్ కార్డు ఎంత పాతదో మీకందరికీ తెలుసు. ఇది జరిగిన కథే.

రాత్రి మంచువాన రాతిగూడే లేదు
ఆగియాగి ఫ్రేము లాగిపోయె
ఎస్కు నొక్కి లోన నెంచిచూచితి నంత
నీడ తీసివేయ నీడ దొరికె

నీడలు ఎక్కువలో ఉన్నప్పుడు సెకనుకు 40 ఫ్రేములు కూడా నిలిచేవి కావు. అడుగు వేస్తే బొమ్మ ఒక క్షణం ఆలస్యంగా కదిలేది. తీసేశాక 60 దగ్గర నిలబడింది, పరుగెత్తి గుహలో దూరాను.

యతిభంగం:
రెండో పాదంలో "యాగి ఫ్రేము". ఫ్రే సంయుక్తాక్షరం కదా, ముందున్న గి గురువు కాదా? అయితే గణం చెడింది. మిగతాదంతా శుభ్రంగా ఉంది.

గడ్డిపరక:
కాదు. యాగి వేరే మాట, ఫ్రేము వేరే మాట. సమాసమైతే ఊదిపలుకుతాం, ఇక్కడ ఎవరూ ఊదరు. పైకి చదివి చూడండి. నాకైతే "ఎస్కు నొక్కి" బాగా నచ్చింది. కీబోర్డు మూలనున్న ఎస్కేప్ మీట సూర్యగణమవుతుందని నాకెప్పుడూ తట్టలేదు.

ఇక నా పూరణ:

చెట్టు నరికి మోసి చేరవేసితి నేను
గట్టుపైన గుడిసె కట్టినాను
కొమ్మలన్ని పోయి గోడలై నిలిచెను
నీడ తీసివేయ నీడ దొరికె

పాతకార్డు:
అబ్బ! చెట్టునీడ పోయి ఇంటినీడ వచ్చింది. మొదటి నీడకు ఈ అర్థం ఉందన్న ఊహే నాకు రాలేదు.

యతిభంగం:
విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ సెట్టింగులేవి? నిర్వాహకులు సందర్భం గీత గీసినట్టు చెప్పారు. గడ్డిపరక గారు గీత దాటి గుడిసె కట్టుకున్నారు.

గడ్డిపరక:
దాటలేదు. ఈ ఆటల్లో నీడలు ఎందుకంత భారమో ఆలోచించండి. పొద్దు కదులుతుంది, మనం చెట్లు కొడతాం, గోడలు లేపుతాం. ఏ నీడ ఎక్కడ పడాలో ముందే వేసి పెట్టుకోవడం కుదరదు. ప్రతి ఫ్రేములోనూ సూర్యుడి వైపు నుంచి దృశ్యాన్ని మరోసారి గీసి, ఏది ఏ వెలుగుకు అడ్డమొస్తోందో లెక్కకట్టాలి. దట్టమైన అడవిలో ఆ లెక్క ఎంతవుతుందో చూసుకోండి. నేను కొట్టిన ఆ ఒక్క చెట్టుతో దాని నీడా పోయింది, కార్డుకు అంత పని తగ్గింది. ఇంతకన్నా సందర్భం ఏం కావాలి?

సందర్భం అంటారా, పోయిన నెల మీ పాదం ఇక్కడ అందరికీ గుర్తుంది: "దూరమంత పెంచ దుంపతెగెను కార్డు". వీక్షణ దూరం పెంచితే చాలా ఆటల్లో ముందు రొప్పేది ప్రాసెసర్. ఏ వస్తువు ఎక్కడుందో చూసి, గీయమని కార్డుకు చెప్పే పని దానిదే. మీరేమో నేరం కార్డు మీద వేశారు.

యతిభంగం:
నెల దాటినా వదలరా! అక్కడ "దుంపతెగె" అన్న నుడికారం కోసం రాశాను, యతికి అతికినట్టు కుదిరింది. ప్రాసెసర్ అని పెడితే పాదం నడవదు. అయినా విషయం మీరన్నదే నిజం, అందులో నా పట్టుదల లేదు.

కొత్తచిగురు:
అందరికీ నమస్కారం, ఇది నా రెండో పూరణ. ఇందులో గామా అంటే తెర వెలుగును దిద్దే సెట్టింగు.

కొండగుహకు దారి గుర్తుపట్టగ లేను
గామా పెంచి చూడ కానరాదు
వెలుగు పెంచిపెంచి విసిగిపోయిన వేళ
నీడ తీసివేయ నీడ దొరికె

యతిభంగం:
గామా. రెండూ గురువులే, అక్కడే జారింది.

పాతకార్డు:
కొత్తగా వచ్చినవారిని అంత పొడిగా అనకండి. కొత్తచిగురు గారూ, "గామ పెంచి చూడ" అంటే సరిపోతుంది. రెండో పాదంలో గా, కా కలిసిన తీరు చక్కగా ఉంది.

గడ్డిపరక:
విషయం కూడా సరిగ్గా పట్టారు. గామా పెంచితే చీకటి విడిపోతుందనుకుంటాం. నలుపు బూడిదరంగులోకి తిరుగుతుంది, బండకీ గుహనోటికీ తేడా చెరిగిపోతుంది. తెర మొత్తం సున్నం కొట్టినట్టుంటుంది. "విసిగిపోయిన వేళ" అన్నది అనుభవించినవారి మాట.

యతిభంగం:
అందరూ నీడ తీసేసి సంబరపడుతున్నారు కనుక నేను ప్రశ్నగా పూరిస్తున్నాను.

నీడ లేని చెట్టు నేలపై తేలును
బండ తేలు, గుడిసె పైకి తేలు
అడవి యంద మణగ నయ్య యెక్కడ మీకు
నీడ తీసివేయ నీడ దొరికె

పాతకార్డు:
"ఎక్కడ మీకు" దగ్గర సమస్య మొత్తం తలకిందులైంది. "బండ తేలు" చదివి ముందు నిజంగా తేలే పాకిందనుకున్నాను, రెండోసారి చదివితే బండే గాల్లోకి లేచింది.

గడ్డిపరక:
యతిభంగం గారి పద్యాన్ని నేను మెచ్చుకోవడం అరుదు. ఇది మెచ్చుకోక తప్పదు. నీడ పూర్తిగా తీసేసిన అడవిని దగ్గర నుంచి చూడండి. చెట్టు మొదలు నేలలోకి దిగినట్టుండదు, కాగితం మీద అంటించినట్టుంటుంది. మొదటి పాదం ఆ దృశ్యాన్ని నాలుగు మాటల్లో పట్టేసింది.

యతిభంగం:
2021లో, ఇంకా తయారవుతుండగానే అమ్మే ఎర్లీ యాక్సెస్‌కు వచ్చిన వాల్‌హైమ్ చూడండి. అందులో టెక్స్చర్లు, అంటే వస్తువుల పైపూత బొమ్మలు, కావాలనే మోటుగా ఉంచారు. దాని అందమంతా వెలుగుది, పొగమంచుది, నీడలది. అక్కడ నీడ తీస్తే మిగిలేది ఆ మోటుదనమే. ఎవరైనా ఆ ఆటలో ముందు నీడల మీదే కత్తి పెడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పాతకార్డు:
మరి నాలాంటి కార్డున్నవాళ్ళం ఏం చేయాలి?

యతిభంగం:
తీసేయకండి, తగ్గించండి. నీడల మ్యాపును, అంటే నీడలు లెక్కకట్టే బొమ్మ కొలతను, 4096 నుంచి 2048కి దించితే చుక్కలు నాలుగో వంతుకు వస్తాయి. అంచులు కాస్త మెత్తబడతాయి, అంతే. నీడలు పడే దూరాన్ని వేరుగా తగ్గించే వీలుంటే అది మొదట చేయండి, దూరపు కొండమీద చెట్టునీడ ఎవరికి కావాలి? ఆంబియంట్ అక్లూజన్ మాత్రం ఉంచండి, మూలల్లో ఆ మాత్రం నలుపుంటే వస్తువులు నేలకు ఆనుతాయి. ఇంకా చాలకపోతే రెండర్ స్కేల్, అంటే బొమ్మను ఎంత చిన్నగా గీసి తెరకు సాగదీయాలో చెప్పే సెట్టింగు, ముట్టుకోండి, అదీ చివరికే. రెండు వైపులా 75 శాతం అంటే పిక్సెళ్ళు 56 శాతమే, గడ్డిపోచలన్నీ అలుక్కుపోతాయి.

గడ్డిపరక:
టెక్స్చర్ల మాట మరిచారు. కార్డు మెమొరీ పట్టినంతవరకు వాటిని పైనే ఉంచవచ్చు, ఫ్రేములు పెద్దగా తగ్గవు. మెమొరీ నిండిపోతేనే కుదుపులు.

యతిభంగం:
మరవలేదు. పద్యంలో పట్టలేదు.

నిర్వాహకుడు:
విరుపుకు గడ్డిపరక గారిది, మలుపుకు యతిభంగం గారిది. రెండింటిలో ఒకటి ఎంచలేను, వారం ముగిసేదాకా ఆగుతాను. పాతకార్డు గారి ఫ్రేము విషయంలో నాదీ గడ్డిపరక గారి మాటే, అక్కడ గి లఘువే.

కొత్తచిగురు:
గామ అని దిద్దుకున్నాను. యతిభంగం గారు చెప్పినట్టు నీడల్ని మధ్యస్థంలో పెట్టి, వాటి దూరం సగానికి తగ్గించి మళ్ళీ అదే కొండకు వెళ్ళాను. గుహనోటి ముందు నేల మీద ఒక నల్లటి అంచు ఉంది, పైనున్న బండది. నిన్న నీడలన్నీ తీసేసినప్పుడు అది లేదు, గుహ దొరికింది కానీ లోపలికి ఎంత లోతుందో తెలియలేదు. ఇవాళ తెలిసింది. మూడో పాదం మార్చి రేపు మళ్ళీ పెడతాను.