హ్యాండ్‌కి ముందున్న చిన్నమాటదే పెత్తనం

అనువాద విద్యార్థి:

"ది మినిస్టర్ రిజెక్టెడ్ ది డిమాండ్ అవుట్ ఆఫ్ హ్యాండ్" అన్న వాక్యాన్ని ఒకచోట "పరిస్థితి చేయి దాటడంతో మంత్రి ఆ డిమాండును తిరస్కరించారు" అని తెలుగు చేశారు. అవుట్ ఆఫ్ హ్యాండ్ అంటే చేయి దాటడమే కదా? ఇక్కడ ఎందుకు అతకడం లేదు? ఇలా తికమకపెట్టే హ్యాండ్ మాటలు ఇంకేమున్నాయి?

ఇంగ్లిష్ మాస్టారు:

ఆ తెలుగుసేత తప్పే. "గెట్ అవుట్ ఆఫ్ హ్యాండ్" అంటే అదుపు తప్పడం. అదే అవుట్ ఆఫ్ హ్యాండ్ రిజెక్ట్, డిస్మిస్, రిఫ్యూజ్ లాంటి క్రియల పక్కన వస్తే "ఆలోచించనైనా ఆలోచించకుండా, అక్కడికక్కడే" అని అర్థం. "ఆ డిమాండును మంత్రి వినీ వినగానే తోసిపుచ్చారు" అంటే సరిపోతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. తెలుగులో చేతి జాతీయాల అర్థమంతా వెనకొచ్చే క్రియలో ఉంటుంది. చేయి చేసుకున్నాడు, చేయి తడిపాడు, చెయ్యిచ్చాడు, చేతులెత్తేశాడు, చేతులు దులిపేసుకున్నాడు: చేయి అదే, క్రియ మారితే కథే మారిపోతుంది. అందుకని మన కన్ను అలవాటుగా వెనక్కే పోతుంది. ఇంగ్లిష్‌లో ముందు చూడాల్సింది హ్యాండ్‌కి ముందున్న చిన్నమాటని. ఇన్, ఆన్, ఎట్, టు, ఆఫ్ వీటిలో ఏది ఉంది? మధ్యలో "ఎ" గానీ "మై", "హర్" లాంటివి గానీ ఉన్నాయా? చివర బహువచనం ఎస్ ఉందా? ఈ మూడూ చూశాక కూడా తేలకపోతే అప్పుడు క్రియ దగ్గరికి రావాలి. పై వాక్యం ఆ రకం.

ఎట్ హ్యాండ్ అంటే కాలంలోనో చోటులోనో దగ్గరపడటం. "ది ఎగ్జామ్స్ ఆర్ ఎట్ హ్యాండ్", పరీక్షలు ముంచుకొస్తున్నాయి. ఆన్ హ్యాండ్ అంటే అవసరం పడితే వాడుకోవడానికి సిద్ధంగా ఉండటం. సభ దగ్గర డాక్టరు ఆన్ హ్యాండ్ ఉంటాడు, గోదాములో సరుకు ఆన్ హ్యాండ్ ఉంటుంది. టు హ్యాండ్ బ్రిటన్ వాళ్ల వాడుక, చేయి చాపితే అందే దూరంలో ఉందని. "ఐ డోంట్ హావ్ ది ఫిగర్స్ టు హ్యాండ్" అన్నవాడి దగ్గర లెక్కలు లేకపోలేదు, ఆ క్షణాన ఎదురుగా లేవంతే.

ఇన్ హ్యాండ్ రెండు పనులు చేస్తుంది. "ది మ్యాటర్ ఇన్ హ్యాండ్" అంటే ప్రస్తుతం చూస్తున్న పని. "విత్ ఫైవ్ వికెట్స్ ఇన్ హ్యాండ్" అంటే ఇంకా ఖర్చు కాకుండా మిగిలినవి. ఈ రెండోదాన్ని మన క్రీడాపేజీలు "చేతిలో అయిదు వికెట్లు ఉండగా" అని హాయిగా తెలుగు చేసేసుకున్నాయి.

ఎస్ చేరితే మాత్రం బరువు మీద పడుతుంది. "స్టాక్ ఆన్ హ్యాండ్" అంటే ఉన్న సరుకు. "వి హావ్ ఎ ప్రాబ్లమ్ ఆన్ అవర్ హ్యాండ్స్" అంటే సమస్య నెత్తిన పడింది. అది వదిలితే "ఆఫ్ అవర్ హ్యాండ్స్". దీన్నీ "ఆఫ్‌హ్యాండ్"నీ కలపకూడదు. ఆఫ్‌హ్యాండ్ క్రియావిశేషణంగా వస్తే "ఏమీ చూసుకోకుండా, ఉన్నపళంగా" అని: "ఐ కాంట్ సే ఆఫ్‌హ్యాండ్". విశేషణంగా వస్తే నిర్లక్ష్యం, పెడసరం. "హి వాజ్ ఆఫ్‌హ్యాండ్ విత్ మి" అన్నది ఫిర్యాదే.

అనువాద విద్యార్థి:

మరి "గివ్ మి ఎ హ్యాండ్" అంటే సాయం, మన "హ్యాండిచ్చాడు" అంటే మోసం. ఇంత తిరకాసు ఎలా వచ్చింది మాస్టారూ?

ఇంగ్లిష్ మాస్టారు:

హ్యాండిచ్చాడు అన్నది ఇంగ్లిష్ జాతీయమే కాదు. మన "చెయ్యిచ్చాడు"కి ప్యాంటు తొడిగాం, అంతే. ఇంగ్లిష్‌వాడికి దాన్ని "హి గేవ్ మి హ్యాండ్" అని చెబితే మొదట ఆర్టికల్ ఏదని వెతుక్కుంటాడు, తర్వాత సాయం చేశాడేమో అనుకుంటాడు. మన అర్థం చెప్పాలంటే "లెట్ మి డౌన్", ప్రేమ వ్యవహారమైతే "డిచ్డ్ మి".

అటువైపు కూడా ఒకే హ్యాండ్ నాలుగు దారులు పోతుంది. గివ్ మి ఎ హ్యాండ్: కాస్త సాయం పట్టు. గివ్ మి యువర్ హ్యాండ్: చేయి ఇటివ్వు (మెట్లు దిగుతున్నవాళ్లతో అనేది). గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్: గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆస్క్ ఫర్ హర్ హ్యాండ్ అంటే పిల్లనిమ్మని అడగడం. క్రియ వైపే చూస్తూ కూర్చుంటే ఇవి విడిపడవు. "ఎ", "యువర్", "బిగ్", "హర్" చూస్తేనే తేలతాయి.

పత్రిక డెస్కు నుంచి:

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ పాడైంది "ఆన్ ది అదర్ హ్యాండ్". కారణం మన "మరోవైపు". తెలుగు వార్తల్లో మరోవైపు రెండు పనులు చేస్తుంది. ఒకే విషయంలోని రెండో పక్షాన్ని చెబుతుంది, సంబంధం లేని ఇంకో వార్తను తగిలించడానికీ పనికొస్తుంది. "విజయవాడలో భారీ వర్షం కురిసింది. మరోవైపు హైదరాబాద్‌లో మెట్రో రైళ్లు ఆలస్యమయ్యాయి" అని రాస్తే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. దీన్ని ఇంగ్లిష్ చేసేటప్పుడు ఆన్ ది అదర్ హ్యాండ్ పెట్టారో, చదివేవాడు వానకీ మెట్రోకీ మధ్య పోటీ ఏమిటా అని జుట్టు పీక్కుంటాడు. అక్కడ కావాల్సింది "మీన్‌వైల్". తక్కెడలో రెండు సిబ్బెలు ఉంటేనే ఆన్ ది అదర్ హ్యాండ్ వాడాలి: ఇల్లు చవక, కానీ ఆఫీసుకి దూరం.

దీన్నీ "ఆన్ ది కాంట్రరీ"నీ కలిపేస్తారు, అదింకా ప్రమాదం. ఆన్ ది కాంట్రరీ ముందు మాటను కాదంటుంది, ఆన్ ది అదర్ హ్యాండ్ ముందు మాటను ఒప్పుకుంటూనే రెండోది చెబుతుంది.

ఇక మా పేజీల్లో తరచూ కనిపించేది రెడ్‌హ్యాండెడ్. "లంచం తీసుకుంటూ ఏసీబీకి రెడ్‌హ్యాండెడ్‌గా చిక్కాడు." చాలామంది అనడంలో "రెడ్ హ్యాండ్‌గా" అని కత్తిరిస్తారు, కానీ రాసేటప్పుడు చివరి "ఎడ్" ఉండాలి. ఏసీబీ వాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి ఇప్పిస్తారు. పట్టుకున్నాక ఆ వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీరంగుకు తిరుగుతాయి. ఫినాఫ్తలీన్ క్షారంలో రంగు మారుతుంది, అదే కిటుకు. ఈ గులాబీరంగు నుంచే మాట పుట్టిందని చెప్పేవాళ్లున్నారు. కాదు. మాట చాలా పాతది, స్కాట్లాండ్ చట్టాల నుంచి వచ్చింది. ఆ ఎరుపు హంతకుడి చేతికంటిన నెత్తురు.

లెక్కల మనిషి:

డబ్బు వ్యవహారంలో జాగ్రత్తపడాల్సినవి కొన్ని. మన పద్దుల్లో క్యాష్ ఇన్ హ్యాండ్ అంటే బ్యాంకులో కాక పెట్టెలో ఉన్న నగదు. బ్రిటన్‌లో పనివాడు "క్యాష్ ఇన్ హ్యాండ్" అడిగితే జీతం నోట్ల రూపంలో ఇమ్మని, తరచు పన్ను లెక్కల్లోకి రాకుండా అన్న ధ్వనితో. అక్కడ ఇంటర్వ్యూలో ఇన్‌హ్యాండ్ శాలరీ ఎంత అని అడగకండి, "టేక్‌హోమ్ పే" అనండి. హ్యాండ్ లోన్ కూడా మన దేశపు వాడుకే, చేబదులుకి మనం చేసుకున్న ఇంగ్లిష్. అమెరికాలో చెబితే వివరించాల్సొస్తుంది.

అనువాద విద్యార్థి:

చివరగా ఒకటి. షేక్‌హ్యాండ్ ఇచ్చాడు అనొచ్చా?

ఇంగ్లిష్ మాస్టారు:

తెలుగులో నిక్షేపంగా అనొచ్చు, అది తెలుగుమాట అయిపోయింది. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం నామవాచకం "హ్యాండ్‌షేక్". క్రియ కావాలంటే "దే షుక్ హ్యాండ్స్", ఇద్దరి చేతులు కాబట్టి బహువచనం. "హి షుక్ మై హ్యాండ్" అన్నప్పుడు ఏకవచనం. షేక్‌హ్యాండ్ అన్న రూపం ఇంగ్లిష్‌లో మామూలుగా వినిపించేది టేబుల్ టెన్నిస్‌లో. బ్యాటును కరచాలనం చేసినట్టు పట్టుకుంటే షేక్‌హ్యాండ్ గ్రిప్, కలంలా పట్టుకుంటే పెన్‌హోల్డ్.